మెషిన్ బీరువాలో, గురక పడగ్గదిలో

ఈ ఉత్తరం రాసిన పాఠకురాలికి 49 ఏళ్లు. పేరు, వివరాలు వద్దన్నారు. ఆమె భర్తకు 53. గురక ఎప్పటి నుంచో ఉన్నదే, కానీ రెండేళ్లుగా అది మధ్యలో ఠక్కున ఆగిపోతోంది. ఛాతీ ఎగిసిపడుతున్నా గాలి లోపలికి వెళ్లదు. కాసేపటికి పెద్ద శబ్దంతో ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి తీసుకుంటారు. రాత్రికి మూడుసార్లు మూత్రానికి లేస్తారు. ప్రోస్టేట్ పరీక్షలు చేయిస్తే ఏమీ లేదన్నారు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. బీపీకి మూడు రకాల మాత్రలు, అందులో ఒకటి ఒంట్లో నీరు తగ్గించేది. అయినా 150/94 నుంచి కిందికి దిగదు. నాలుగు నెలల కిందట తెల్లవారుజామున గుండె దడతో ఆసుపత్రికి వెళ్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం అన్నారు. ఇప్పుడు గుండె లయ సరిగానే ఉంది, రక్తం పలచబడే మాత్ర నడుస్తోంది, ఎకోలో పంపింగ్ 60 శాతం. గుండె డాక్టరు చెప్పగా ఇంట్లోనే నిద్ర పరీక్ష చేయించారు: గంటకు సగటున 22 సార్లు ఊపిరికి అడ్డంకి, వెల్లకిలా పడుకున్నప్పుడు 38, పక్కకు తిరిగినప్పుడు 11, ఆక్సిజన్ కనిష్ఠంగా 79 శాతం. నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూతబడకుండా ఉంచే సీపాప్ మెషిన్ రాశారు. ఆయన తొమ్మిది రాత్రులు పెట్టుకుని, గాలి చాలట్లేదనీ, ముక్కు ఎండిపోతోందనీ, పొట్ట ఉబ్బుతోందనీ, కళ్లలోకి గాలి కొడుతోందనీ బీరువాలో పెట్టేశారు. ముక్కు దిబ్బడకు మాత్రం రోజూ చుక్కల మందు వేసుకుంటున్నారు. ఈమధ్య కారు నడుపుతూ సిగ్నల్ దగ్గర కునుకు తీశారు. మరిది, ‘ఈ మెషిన్ గుండెకు పనికిరాదని పెద్ద పరిశోధనలోనే తేలింది’ అనడంతో ఆయనకు బలం దొరికింది. నిద్రలో గుండె ఆగి పోయేవాళ్ల గురించి ఎక్కడో చదివిన దగ్గర్నుంచి ఆమె తెల్లవారుజాము మూడింటి దాకా మేలుకుని ఆయన ఊపిరి లెక్కపెడుతున్నారు, ఆగినప్పుడల్లా తట్టి లేపుతున్నారు. ‘ఆయనకు రాత్రిపూట ప్రాణాపాయం ఉందా? మా మరిది చెప్పింది నిజమా? మెషిన్ తప్ప దారే లేదా? మొండిపట్టు మనిషిని ఎలా కదిలించాలి?’ అని అడుగుతున్నారు.

అమ్మా, మీ నాలుగు ప్రశ్నలకూ జవాబులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ముందు మీవారి శరీరంలో రాత్రిపూట జరుగుతున్నది చెబుతాను. అది తెలిస్తే బీపీ, దడ, మూత్రానికి లేవడం మూడు వేర్వేరు జబ్బులు కావని మీకే తోస్తుంది.

గొంతు వెనక గాలి వెళ్లే దారికి ఎముక ఆసరా లేదు, కండరాలే దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలగానే దారి ఇరుకైతే గురక. పూర్తిగా మూతబడి పది సెకన్లు, ఆపైన గాలి ఆగిపోతే దాన్ని ఆప్నియా అంటాం. సగం మూతబడి ఆక్సిజన్ పడిపోవడం రెండో రకం. ఈ రెండూ కలిపి గంటకు ఎన్నిసార్లు వచ్చాయో ఆ లెక్కే మీ రిపోర్టులోని 22. గంటకు 5లోపు మామూలు, 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నిద్రలో ఇలా పదేపదే జరగడమే స్లీప్ ఆప్నియా అనే జబ్బు. మీవారిది సగటున మధ్యస్థం, వెల్లకిలా పడుకుంటే తీవ్రం.

దారి మూతబడినా ఛాతీ ఊరుకోదు, గాలి కోసం గట్టిగా లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు ఛాతీలోని ఒత్తిడి బాగా పడిపోయి గుండె గోడలు బయటికి సాగుతాయి. పై గదుల గోడలు పలచన కాబట్టి దెబ్బ వాటికే ఎక్కువ. గంటకు ఇరవైసార్ల చొప్పున ఏళ్ల తరబడి సాగి సాగి అవి పెద్దవవుతాయి, మచ్చలు పడతాయి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పుట్టేది అలాంటి గోడల్లోనే. ఆ గదులు సాగినప్పుడు ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరపడి, నీటిని బయటికి పంపే హార్మోన్ వదులుతుంది. మూడుసార్లు మూత్రానికి లేవడానికి చాలామందిలో ఇదే కారణం, ప్రోస్టేట్‌లో ఏమీ దొరక్కపోవడానికీ ఇదే కావచ్చు. ఇక ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి అడ్రినలిన్ లాంటి రసాయనాలను కుమ్మరిస్తుంది. గొంతు తెరుచుకుంటుంది, అదే క్షణంలో బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పైకి లేస్తాయి. మామూలు మనిషికి నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం తగ్గాలి. గుండెకు, రక్తనాళాలకు దొరికే విశ్రాంతి అదే. మీవారికి ఆ విశ్రాంతి లేదు. ఆ ఉలికిపాటు పగటికీ పాకుతుంది కనుకనే మూడు మాత్రలకూ బీపీ లొంగడం లేదు. నీరు తగ్గించే మాత్రతో కలిపి మూడు మందులు సరైన మోతాదులో వాడినా దిగని బీపీ ఉన్నవారిలో ఎక్కువమందికి స్లీప్ ఆప్నియా బయటపడుతుంది.

ఇప్పుడు మీ భయం సంగతి. మీరు చదివింది 2005లో వచ్చిన అధ్యయనం గురించి అయి ఉంటుంది. నిద్ర పరీక్ష చేయించుకుని, తర్వాత గుండె ఆగి హఠాత్తుగా మరణించిన 112 మందిని అందులో పరిశీలించారు. స్లీప్ ఆప్నియా ఉన్నవారిలో 46 శాతం మంది అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు మధ్య పోయారు, లేనివారిలో 21 శాతం. అది చెప్పేది మరణం ఏ వేళ వచ్చిందన్నదే. స్లీప్ ఆప్నియా ఉన్న వందమందిలో ఎందరు అలా పోతారన్నది అందులో లేదు. పైగా మీవారి గుండె పంపింగ్ బాగుంది. ఏదో ఒక రాత్రి అలా జరిగే అవకాశం చాలా తక్కువ. ఆయనకు అసలు ముప్పు నెమ్మదిగా వచ్చేది: దడ తిరగబెట్టడం, దానివల్ల పక్షవాతం, అదుపు తప్పిన బీపీ గుండెనూ కిడ్నీనీ తినేయడం. వీటికి నెలల వ్యవధి ఉంది. ఈ నెలలను వాడుకోవాలి, వృథా చేసుకోకూడదు.

మీరు తట్టి లేపకపోయినా ఆయన మెదడే ఆయన్ని లేపుతుంది, ప్రతి అడ్డంకి చివరా జరుగుతున్నది అదే. మీ కాపలా వల్ల ఆ లెక్క తగ్గదు, మీ నిద్ర మాత్రం పోతుంది. వెల్లకిలా ఉంటే పక్కకు తిప్పి మీరు పడుకోండి. అయితే ఛాతీలో నొప్పి, ఆగని దడ, స్పృహ తప్పడం, కూర్చున్నా తగ్గని ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా ఏ వేళైనా సరే అంబులెన్స్ పిలవాలి.

మీ మరిది మాట అబద్ధం కాదు, కానీ అందులో సగమే ఉంది. 2016లో అచ్చయిన ఆ పరిశోధన పేరు సేవ్. అప్పటికే గుండె రక్తనాళాల జబ్బో, పక్షవాతమో వచ్చి, మధ్యస్థం లేదా తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉన్న 2,717 మందిని సగటున 3.7 ఏళ్లు గమనించారు. మెషిన్ ఇచ్చినవారిలో 17 శాతం మందికి, ఇవ్వనివారిలో 15.4 శాతం మందికి గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చాయి. అంటే తేడా లేనట్టే. ఇది దాచాల్సిన విషయం కాదు. ‘ఈ మెషిన్ పెట్టుకుంటే గుండెపోటు రాదు’ అని మీవారికి ఎవరైనా చెప్పి ఉంటే అది రుజువు కాని మాట.

కానీ ఆ పరిశోధనలో మనుషులు మెషిన్ వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశలో గొంతు కండరాలు బాగా సడలిపోతాయి, చాలామందిలో అడ్డంకులు అప్పుడే ఎక్కువసేపు ఉంటాయి, ఆక్సిజన్ అప్పుడే బాగా పడిపోతుంది. ఆ దశ రాత్రి రెండో సగంలోనే ఎక్కువ. పదకొండింటికి మాస్కు పెట్టి రెండింటికి తీసేస్తే అసలు గడ్డు సమయం మెషిన్ లేకుండానే గడుస్తుంది. మరో సంగతి. పగలు విపరీతంగా నిద్ర ముంచుకొచ్చేవారిని ఆ పరిశోధనలోకి తీసుకోలేదు, చికిత్స ఇవ్వకుండా వారిని వదిలేయడం న్యాయం కాదని. మీవారు స్టీరింగ్ ముందు కునుకు తీశారు. గుండె రక్తనాళాల జబ్బు కానీ పక్షవాతం కానీ ఆయనకు ఇంతవరకు రాలేదు. ఆ లెక్కలు ఆయనలాంటి వారివి కావు.

అదే సేవ్‌లో మెషిన్ వాడినవారికి పగటి మత్తు తగ్గింది, మనసు తేలికపడింది, పని చేసే శక్తి మెరుగైంది. బీపీ విషయంలో మేలు ఉంది కానీ పరిమితం. మందులకు లొంగని బీపీ ఉన్నవారి మీద స్పెయిన్‌లో చేసి 2013లో ప్రకటించిన పరిశోధనలో 12 వారాలకు 24 గంటల సగటు బీపీ సుమారు 3 పాయింట్లు తగ్గింది, రాత్రిపూట తగ్గాల్సిన బీపీ, మెషిన్ లేనివారితో పోలిస్తే ఎక్కువమందిలో తగ్గడం మొదలైంది. ఎక్కువ గంటలు వాడినవారికి ఎక్కువ ఫలితం. 150 అమాంతం 125కి దిగుతుందని ఆశ పెట్టుకుంటే నెలకే నిరుత్సాహం వస్తుంది, కాబట్టి ముందే చెబుతున్నాను. దడ సంగతికొస్తే, స్లీప్ ఆప్నియాకు చికిత్స లేనివారిలో అది తిరగబెట్టడం ఎక్కువని పరిశీలనలు చెబుతున్నాయి. మెషిన్ పెడితే తప్పక ఆగుతుందని చెప్పే గట్టి రుజువు ఇంకా లేదు. అందుకే మెషిన్ ఎంత బాగా నడిచినా రక్తం పలచబడే మాత్ర సొంతంగా ఆపకూడదు. ఆ నిర్ణయం పక్షవాతం ముప్పు లెక్కను బట్టి గుండె డాక్టరు తీసుకోవాల్సింది.

ఇక బీరువాలోని మెషిన్. మీవారి ఫిర్యాదులు నాలుగూ నిజమైనవే, నాలుగింటికీ కారణాలున్నాయి. తొమ్మిది రాత్రుల్లో వాటిని ఎవరూ సరిచేయకపోవడం ఆయన తప్పు కాదు.

‘గాలి చాలట్లేదు’ అంటే ఒత్తిడి ఎక్కువైందని అందరూ అనుకుంటారు. తరచుగా అది తక్కువైనప్పుడే అలా అనిపిస్తుంది. ఈ మెషిన్ల గాలి ఒత్తిడి పరిధి, నీటి ఎత్తు కొలతలో, 4 నుంచి 20 సెంటీమీటర్లు. నిద్ర పట్టేలోగా ఇబ్బంది కలగకూడదని చాలావాటిని 4 దగ్గర మొదలయ్యేలా పెడతారు. మెలకువగా ఉన్న పెద్ద మనిషికి ఆ గాలి సరిపోదు, ఉక్కిరిబిక్కిరి అనిపిస్తుంది. మొదలయ్యే ఒత్తిడిని 6కో 7కో పెంచమని డాక్టరును అడగండి. ఒక్క ఈ మార్పుతో కుదురుకున్నవాళ్లు ఎందరో. పొట్ట ఉబ్బరం దీనికి తిరగబడ్డ సమస్య, పై ఒత్తిడి ఎక్కువై గాలి అన్నవాహికలోకి పోతోందని అర్థం. గరిష్ఠ ఒత్తిడి తగ్గించడం, పక్కకు తిరిగి పడుకోవడం, తలవైపు కాస్త ఎత్తు పెట్టడం పనిచేస్తాయి. అయినా తగ్గకపోతే ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి దిగే బైపాప్ రకం ఉంది.

కళ్లలోకి గాలి కొట్టడం మాస్కు కుదరకపోవడం వల్ల. అందరూ కూర్చుని బిగిస్తారు, పడుకోగానే ముఖం ఆకృతి మారి అది జారుతుంది. పడుకుని, మెషిన్ ఆన్ చేసి, గాలి వస్తుండగా సర్దాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. గాలి పోతోందని ఇంకా బిగిస్తే మెత్త నలిగి మరింత పోతుంది, ముక్కు మీద పుండు పడుతుంది. మీసం గడ్డం ఉన్నవారికి ముక్కూ నోరూ కలిపి కప్పే పెద్ద మాస్కు సరిగా అతుకదు, ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్న రకం నయం. నోరు తెరిచి నిద్రపోయే అలవాటుంటే మాత్రం ఆ చిన్నది చాలదు. మూడు రకాలు పెట్టి చూశాకే ఒకటి ఖాయం చేసుకోవాలి.

ముక్కు ఎండిపోవడానికి మెషిన్‌లోని నీళ్ల తొట్టి ఖాళీగా ఉండటమో, వేడి తక్కువగా ఉండటమో కారణం కావచ్చు. డిస్టిల్డ్ వాటర్ పోసి వేడి ఒక మెట్టు పెంచండి. ఆ నీళ్లు రోజూ పారబోయాలి. మాస్కు మెత్తను రోజూ గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగాలి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఆ చుక్కల మందు గురించి. దిబ్బడ తగ్గించే చుక్కలు మూడు నుంచి ఐదు రోజులు మించి వేస్తే ముక్కు లోపలి పొర వాటికి అలవాటుపడి, మందు దిగగానే ఇంతకుముందు కన్నా ఎక్కువ వాచిపోతుంది. మూసుకుపోయిన ముక్కులోకి మెషిన్ గాలి కొట్టలేక ఆ తొమ్మిది రాత్రులూ మరింత నరకమై ఉంటాయి. పైగా ఈ మందులు రక్తనాళాలను బిగిస్తాయి. జలుబు మాత్రల్లో ఉండే దిబ్బడ మందులైతే బీపీనీ, గుండె వేగాన్నీ నేరుగా పెంచుతాయి. బీపీ దిగని, దడ వచ్చిన మనిషి వీటికి దూరంగా ఉండాలి. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, డాక్టరు రాస్తే స్టెరాయిడ్ స్ప్రే వాడటం సరైన దారి. స్ప్రే పూర్తి ఫలితం చూపడానికి వారం రెండు వారాలు పట్టవచ్చు. చుక్కలు మానిన మొదటి కొన్ని రోజులు దిబ్బడ పెరిగినా ఓర్చుకోవాలి. ఒంటి నొప్పులకు తరచూ పెయిన్ కిల్లర్లు వాడుతున్నారేమో కూడా చూడండి. చాలా రకాలు బీపీ పెంచుతాయి, రక్తం పలచబడే మాత్రతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పూ ఉంది.

మళ్లీ మొదలుపెడితే నేరుగా రాత్రి వద్దు. రెండు మూడు రోజులు పగలు మెలకువగా ఉన్నప్పుడు మాస్కు ఒక్కటే పావుగంట పెట్టుకోవాలి. తర్వాత మెషిన్ ఆన్ చేసి టీవీ చూస్తూ అరగంట. ఆ తర్వాత మధ్యాహ్నం కునుకు. అప్పుడు రాత్రి. మధ్యలో తీసేస్తే తిట్టుకోకుండా మూత్రానికి లేచి వచ్చాక మళ్లీ పెట్టుకోవాలి. మెషిన్ తెరమీద వాడిన గంటలు, గాలి కారుతున్న తీరు, ఇంకా మిగిలిన అడ్డంకుల లెక్క కనిపిస్తాయి. మిగిలిన లెక్క 5 లోపు ఉండాలి. రాత్రికి నాలుగు గంటలు వాడితే చాలన్నది వాడకాన్ని కొలవడానికి పెట్టుకున్న కనీస లెక్క. మనకు కావలసింది నిద్రపోయినంతసేపూ.

మెషిన్ అసలే వద్దంటే? దారులున్నాయి, దేని ధర దానికుంది. కింది దవడను ముందుకు లాగి ఉంచే పరికరం ఉంది. నిద్ర సమస్యల మీద శిక్షణ ఉన్న దంతవైద్యులు కొలత తీసి చేస్తారు. మధ్యస్థ స్థాయికి పనికొస్తుంది, పళ్లు గట్టిగా ఉండాలి. అడ్డంకులను సీపాప్ అంత తగ్గించదు, కానీ రాత్రంతా ఉంచుకోగలిగేవారు ఎక్కువ కాబట్టి చివరికి దక్కే మేలు దగ్గర దగ్గరగా వస్తుంది. మొదట్లో దవడ నొప్పి, ఏళ్లు గడిచాక పళ్ల కలయికలో మార్పు దాని ఇబ్బందులు. అది పెట్టుకుని మళ్లీ నిద్ర పరీక్ష చేయించాలి, గురక తగ్గింది కదా అని వదిలేయకూడదు.

వెల్లకిలా పడుకోనివ్వకుండా చూసుకోవడం మీవారికి ప్రత్యేకంగా కలిసొచ్చే అంశం, 38కీ 11కీ ఉన్న తేడా చూశారుగా. వీపుకు ఆనేలా గట్టి దిండు కట్టుకునే బెల్టులు, వెల్లకిలా తిరగగానే కంపించే చిన్న పరికరాలు దొరుకుతాయి. ఈరోజు రాత్రి నుంచే మొదలుపెట్టవచ్చు. కానీ 11 మిగిలే ఉంటుంది. బీపీ, దడ ఉన్న మనిషికి ఇది ఒక్కటే చాలదని నా అభిప్రాయం.

బరువు పదోవంతు, అంటే తొమ్మిది కిలోలు తగ్గితే అడ్డంకుల లెక్క సుమారు పావువంతు తగ్గుతుందని అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్లపాటు సాగిన అధ్యయనం 2000లో అంచనా కట్టింది. బీపీకీ, దడకూ కూడా దానివల్ల మేలు. ఊబకాయంతో పాటు మధ్యస్థం లేదా తీవ్ర స్లీప్ ఆప్నియా ఉన్నవారికి బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను 2024 డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ ఆమోదించింది. మీవారి ఎత్తుకు ఆ బరువు ఊబకాయం కిందికే వస్తుంది కాబట్టి డాక్టరును అడగవచ్చు. కాకపోతే బరువు దిగడానికి నెలలు పడుతుంది, ఆలోగా రాత్రులు గడవాలి. మద్యం, నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి, పడుకునే ముందు రెండూ వద్దు.

ఏమీ చేయకపోవడం కూడా ఒక దారే, దాన్నీ తెలిసే ఎంచుకోవాలి. అప్పుడు బీపీకి నాలుగో మాత్ర తప్పదు, దడ తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది, పగటి మత్తు అలాగే ఉంటుంది. ఇందులో బేరం లేని మాట ఒకటుంది. మత్తు తగ్గేదాకా ఆయన కారు నడపకూడదు. ఆ కునుకు ఆయన ఒక్కరి సంగతి కాదు.

ఏ దారి పట్టినా బీపీని కొలిచి చూసుకోండి. వారం పాటు ఉదయం, సాయంత్రం, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. ఇంట్లో ఆ సగటు 135/85 దాటితే బీపీ అదుపులో లేనట్టే. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది, చూసుకోండి. మెషిన్ సరిగా వాడిన నెల తర్వాత మళ్లీ ఇలాగే వారం కొలిస్తే తేడా మీ చేతిలో ఉంటుంది. మూడు మందులకు లొంగని బీపీ కాబట్టి ఒంట్లో ఉప్పును పట్టి ఉంచి బీపీ పెంచే ఆల్డోస్టెరాన్ హార్మోన్ పరీక్ష అయిందా అని కూడా గుండె డాక్టరును అడగండి. అన్ని నేరాలూ నిద్ర మీదే వేయలేం.

ఇది చదివే ఇతర పాఠకులకు ఒక హెచ్చరిక. గుండె పంపింగ్ 45 శాతం, అంతకన్నా తక్కువ ఉండి, గొంతు మూతబడటం వల్ల కాక మెదడు ఊపిరికి ఆదేశం ఇవ్వకపోవడం వల్ల ఆప్నియా వచ్చేవారికి ఏఎస్‌వీ అనే మరో రకం మెషిన్ వాడితే గుండె జబ్బు మరణాలు పెరిగాయని 2015లో తేలింది. ఒకరి మెషిన్ ఒకరు వాడకూడదనడానికి ఇదీ ఒక కారణం.

మీవారితో ఎలా మాట్లాడాలన్నది చివరి ప్రశ్న. అర్ధరాత్రి తట్టి లేపి చెప్పే మాట ఎవరి చెవికీ ఎక్కదు. ‘నువ్వు పోతే నా గతేంటి’ అన్న మాట భయపెడుతుంది, భయపడ్డ మనిషి మెషిన్ మొహం చూడటానికే జంకుతాడు. ఆయన అనుమతి తీసుకుని ఊపిరి ఆగి మళ్లీ మొదలయ్యే రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి పగలు చూపించండి. ఆ దృశ్యం చూసేది మీరే, ఆయన ఎన్నడూ చూడలేదు. గుండె గురించి వాదించకుండా, రాత్రికి మూడుసార్లు లేవడం ఒకసారికి తగ్గితే చాలని అడగండి. మెషిన్ పడితే ఆ మార్పు కొందరికి కొద్ది రాత్రుల్లోనే తెలుస్తుంది, బీపీ కన్నా ముందే. జీవితాంతం అనకండి, సర్దిన మెషిన్‌తో 30 రాత్రులు అనండి. ఆ తర్వాత అంకెలు చూసి కొనసాగించాలా, దవడ పరికరానికి మారాలా అన్నది ఆయన్నే తేల్చుకోనివ్వండి. మీ మరిదిని కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, సేవ్ గురించి ఆయన అడిగే ప్రశ్న మంచి ప్రశ్నే.

మీ సంగతి మీరు రాయలేదు కానీ ఉత్తరంలో కనిపిస్తోంది. తెల్లవారుజాము మూడింటి దాకా మేలుకునేవారికి మిగిలేది మూడు నాలుగు గంటల నిద్ర. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె ఆరోగ్యానికి ముఖ్యమైన ఎనిమిది అంశాల్లో 2022లో నిద్రను చేర్చింది, పెద్దవారికి 7 నుంచి 9 గంటలు. కొద్ది వారాలు వేరే గదిలో పడుకుంటే ఆయన్ని వదిలేసినట్టు కాదు. ఇంకొకటి. నెలసరి ఆగే వయసు తర్వాత ఆడవారిలో స్లీప్ ఆప్నియా పెరుగుతుంది, గట్టి గురక లేకుండానే నీరసం, ఉదయం తలనొప్పి, తెగిపోయే నిద్రగా అది కనిపిస్తుంది. ఎవరో ఒకరి గురక వింటూ మేలుకున్నందువల్లే ఇదంతా అని ఏళ్ల తరబడి అనుకునేవాళ్లు చాలామంది. మీకు ఇవి ఉన్నాయేమో గమనించుకోండి. ఉంటే, మీవారి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మీ పేరు కూడా రాయించండి.